నా పక్కన పరుగెత్తిన మనిషి

పనిమీద భద్రాచలం వెళ్లినా మారథాన్ సాధన మానలేదు. తెల్లవారగానే అడవి రోడ్డు మీద పరుగెడుతుంటే, తునికాకు కోస్తున్న ఒకామె మూట కింద పడేసి నా వెంట ఉరికొచ్చింది.

“ఏమైందన్నా? ఎవరికి బాగలేదు? దవాఖానకా?”

వట్టికాళ్లతో నా పక్కనే పరుగెడుతూ, కొంచెం కూడా ఆయాసం లేకుండా అడుగుతోంది. ఖరీదైన బూట్లేసుకుని రొప్పుతున్న నాకు ఒళ్లు మండింది.

“ఎవరికీ ఏం కాలేదమ్మా. పందెం కోసం ప్రాక్టీసు.”

“గంతేనా! మా దిక్కు గిట్ల ఒక్కరే ఉరుకుతున్నరంటే ఎవరికో పానం మీదికొచ్చినట్టే. ఒంటరిగ పోనియ్యం.”

నవ్వుకుంటూ మూట దగ్గరికి వెళ్లిపోయింది.

ఆమె ఊపిరి చూసి కుళ్లుకున్నది కాసేపే. ఆ ఊరిని తలచుకుని మాత్రం ఇప్పటికీ కుళ్లుకుంటున్నాను. మా కాలనీలో రోజూ ఇలాగే రొప్పుతూ పరుగెడతాను. ఏమైందని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.