ఒకటో నంబరు జెర్సీలు రెండు

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా అన్న కోడలు. శనివారం ఝరణి నరసింహస్వామి దర్శనానికి వెళ్లి, ఆ సొరంగపు నీళ్లలో నడిచే ఓపిక ఇప్పుడు లేదు గనక ఒడ్డునుంచే దణ్ణం పెట్టుకుని, ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్నానో లేదో, ఆ పిల్ల ఫోను పట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది. మా మొహల్లా ఫుట్‌బాల్ టీము ఎన్నో ఏళ్ల తరువాత మళ్లీ లేస్తున్నదట. వానలు వెనకపట్టగానే మ్యాచులట. ఇంకా బంతికి గాలి కూడా కొట్టలేదు గాని, గోలు కాసే గోలీగా ఎవరు నిలబడాలి, బ్యాకులో ఎవరు, సెంటర్ ఫార్వర్డు కాలు బెణికితే అతని స్టెప్నీ ఎవరు అని జనం అప్పుడే ఫోనుల్లో కొట్లాడుకుంటున్నారట. బండి వెనక మోసుకుపోయే అదనపు చక్రాన్ని స్టెప్నీ అంటారు కదా, మా బీదర్‌లో అదనపు ఆటగాడికీ అదే పేరు. ఆ పిల్ల చదువుతుంటే నేనూ కడుపారా నవ్వాను. చివరికి ఒకటి చదివింది. గోలీల విషయంలో జర భద్రం, వెనకట ఒక కోచ్ సాబ్ మన టీమును పక్క మొహల్లాకు అమ్ముకున్నడట, మళ్ల గట్ల కావద్దు, అని. దాని కింద మెచ్చుకోలుగా బొటనవేళ్ల బొమ్మలు వరుసకట్టి ఉన్నాయి.

ఆ కోచ్ ఎవరో ఆ పిల్లకు తెలియదు. ఆయన మా మేనమామ, అమ్మకు తోడబుట్టినవాడు.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో జెర్సీలు కొనేవాళ్లు కాదు, కుట్టించుకునేవాళ్లు. మా నాన్న దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, వెనకగదిలో మా కాపురం. నేను బడి ముఖం చూడలేదు. నాన్న గుడ్డల మీద గీతలు గీసే సుద్దముక్కతోనే నాకు తెలుగు అక్షరాలు దిద్దించాడు, అంకెలూ ఆ సుద్దతోనే వచ్చాయి. అందుకేనేమో టీము జెర్సీల మీద నంబర్లు కత్తిరించి కుట్టే పని నాకు అప్పగించాడు. చదువు లేని పిల్లకు అంత బాధ్యత ఇచ్చినందుకు ఆయనకు ఈనాటికీ మనసులో మొక్కుకుంటాను. అప్పట్లో నంబరంటే ఆడే చోటే. రెండంటే కుడివైపు బ్యాకు, తొమ్మిదంటే సెంటర్ ఫార్వర్డు, ఒకటంటే గోలీ. అంటే ఏ ఏడు ఎవరెక్కడ ఆడబోతున్నారో కోచయిన మామ తరువాత తెలిసేది మా ఇంటికే. ఆ మాట గడప దాటగూడదని నాన్న ఆన.

అయితే మా ఇంటి రహస్యాన్ని మా బట్టల తీగే బయటపెట్టేది. రంగు దిగకుండా ఉండాలని కుట్టిన జెర్సీలను ఉప్పునీళ్లలో ముంచి ఆరేసేవాళ్లం. నంబరు కనబడకుండా తిరగేసి ఆరేసినా, తడిగుడ్డ కదా, లోపలి అంకె మసకగా పైకి తేలేది. ఎదురుగా చాయ్ హోటలు. సీజను దగ్గరపడితే మజ్జిగ కోసం, సూదీదారం కోసం మా ఇంటికి వచ్చే చుట్టాలు ఉన్నట్టుండి ఎక్కువయ్యేవాళ్లు, అందరి చూపూ తీగ మీదే. వాళ్లందరికీ పెద్ద మా కాక, నాన్న తమ్ముడు. ఒక్కనాడూ బంతిని తన్నిన పాపాన పోలేదు గాని, టీము గురించి ఆయన మాట్లాడితే హోటల్లో చాయ్ చల్లారిపోయేది.

“పదకొండు మంది ఉన్నరు, సరె. గోలీకి జరమొస్తె ఎవణ్ణి నిలబెడ్తరుర? నన్ను నిలబెడ్తరా?” అనేవాడు.

గోలీ మా అన్నే. ఈ గొడవ జరిగిన ఏడుకు ముందటి సీజనులో అన్న బాగానే ఆపినా, మ్యాచు ముగిసే వేళకు మాత్రం ఎందుకో చేతికందే బంతులు వదిలేశాడు. గోలీకి స్టెప్నీ కావాలని అప్పట్నుంచి కాకే పట్టుబట్టాడు. తీరా మామ ఆ పనే చేసేసరికి మొదట అనుమానపడ్డదీ ఆయనే.

ఆ ఏడు మామ పసుపు గుడ్డ ఇద్దరికి సరిపోయేంత తెచ్చాడు. పసుపుది గోలీకి తప్ప ఎవరికీ ఉండదు. రెండోదానికి ఏ నంబరు వెయ్యమంటావు, పన్నెండా అని నాన్న అడిగితే, “దానికి గూడ ఒకటే పెట్టు బావా” అని మామ తల దించుకుని చెప్పాడు. నేను రెండింటికీ ఒకటే కుట్టాను. కుడుతున్నంతసేపూ మనసులో ముల్లు. మామకు కొడుకు వరసయ్యే కుర్రవాడొకడు, అంటే మామ భార్య అయిన మా అత్తకు చెల్లెలి కొడుకు, హుల్సూర్ నుంచి అప్పుడే వచ్చి వాళ్లింట్లో దిగాడు. పొలం పనిచేసే మనిషి, చేతులు చేటలంత.

జెర్సీలు తీగ మీదికి ఎక్కిన పొద్దే కాక వాకిట్లోకి వచ్చాడు.

“వదినె, గా పసుపువి రెండేంది? ఒకటి మనోనిది. ఇంకోటి ఎవనిది?”

“నీదే. తొడుక్కొని నిలబడు పో” అంది అమ్మ. అందిగాని ఆమె ముఖంలోనూ నవ్వు లేదు.

ఇక చూడండి, హోటల్లో చాయ్‌తో పాటు అనుమానమూ కాగింది. అత్త తరఫు చుట్టాన్ని ఎక్కించడానికి మేనల్లుణ్ణి తీసేస్తున్నాడన్నారు. మామ పొద్దున్నే పక్క మొహల్లాకు, అంటే మాకు బద్ధ విరోధులైన టీము ఉండే చోటికి, ఖాళీ సంచి పట్టుకుపోయి బరువు సంచితో వస్తున్నాడని ఒకరు చూశారు. సంచి మీద తుండుగుడ్డ కప్పుకుంటున్నాడని ఇంకొకరు చూశారు. వాళ్లేదో ముట్టజెప్పారు, ఈయన టీము గుట్టు విప్పాడు అని కాక తేల్చేశాడు. పైగా అత్త రోజూ అన్నను తిండికి పిలిపించుకోవడం మొదలుపెట్టింది. మా అమ్మ మెడలో పండరి తులసిమాల, మా ఇంట్లో నీచు వండరు. అత్తింట్లో అన్నకు పెట్టేది మేక కార్జం, అంటే కాలేయం, అదీ మునగాకు వేసి. ఎన్నడూ తినని మనిషి, అత్త మాట తీసెయ్యలేక కళ్లు మూసుకుని మింగేవాడు.

“బలిచ్చే ముందు మేకను మేపినట్టు మేపుతున్నరు చెల్లె. అమ్మకు చెప్పకు” అన్నాడు నాతో. స్వామీ, మా మామ మనసు చెడ్డది కాకుండా చూడు అని నేను దీపం ముందు కూర్చునేదాన్ని.

సీజనుకు ముందటి సాయంత్రం అందరూ మా ముందుగదిలోకి వచ్చి పడ్డారు. అమ్మా నేనూ పరదా వెనక నిలబడ్డాం.

“రెండోది ఎందుకో చెప్పు బావా. చెప్పకుంటె మేము వేరే తీర్గ అనుకోవాల్సి వస్తది” అన్నాడు కాక.

“అనుకోన్రి. ఎవలిని ఎప్పుడు నిలబెట్టాల్నో నాకు ఎరుక” అన్నాడు మామ.

అప్పుడు అన్న ముందుకొచ్చాడు. “మామా, నన్ను తీసేస్తున్నవా? గదొక్కటి చెప్పు.”

మామ అన్న ముఖంలోకి చాలాసేపు చూశాడు. “నిన్ను తీసేస్తలేనుర” అన్నాడు. మరి రెండోదెందుకని అన్న అడిగితే, మెడలోని ఈల తీసి, నాన్న గుడ్డలు కత్తిరించే బల్లమీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. హుల్సూర్ కుర్రవాడు మర్నాటి బస్సుకే ఊరు చేరుకున్నాడు.

మొదటి మ్యాచులో అన్న ఒక్కడే నిలబడ్డాడు. ఆడవాళ్లం మైదానానికి వెళ్లేది లేదు, కాక వచ్చి చెబితేనే తెలిసింది. వెలుతురున్నంతసేపు పులిలా ఆపాడట. పొద్దు గూకే వేళ బంతి ఒకటి మెల్లగా, చిన్నపిల్లవాడైనా ఆపేంత మెల్లగా, కాలి పక్కనుంచి దొర్లిపోతుంటే కదలలేదట. జనం అరిచిన వైపుకు తల తిప్పి చూశాడట. ఓడిపోయాం. కాక మాత్రం దానికీ అర్థం చెప్పాడు. అత్తింట్లో పిల్లగానికి మందు పెట్టిన్రు వదినె, లేకుంటె గట్లెట్లయితది, అన్నాడు.

అమ్మ కొంగు బిగించి తమ్ముడింటికి నడిచింది, వెంట నేను. గడపలో నిలబడే, నా కొడుక్కు ఏం పెడుతున్నవే అని గట్టిగా అడిగింది. అత్త ఏడవలేదు, అరవలేదు. పొయ్యిమీది గిన్నె మూత తీసి చూపించింది.

“వదినె, పొద్దు గూకితె నీ కొడుక్కు కండ్లు కనబడ్తలేవు” అంది.

రేచీకటి. సాధన చేయిస్తుండగా చీకటి పడే వేళ, అన్న చప్పుడు విని బంతి పడుతున్నాడే గాని చూసి పట్టడం లేదని మామ ఒక్కడే కనిపెట్టాడు. ఒక హకీము దగ్గర అడిగితే కార్జం, మునగాకు తినిపించమన్నాడట. మంచి కార్జం దొరికే కసాయి పక్క మొహల్లాలో ఉన్నాడు. వెలుగులో అన్ననూ, వెలుగు తగ్గాక రెండో మనిషినీ నిలబెట్టాలని ఆయన ఆలోచన. పన్నెండో నంబరు వేస్తే ఇద్దరిలో ఒకరు స్టెప్నీ అనిపించుకుంటారు, అది అన్నకు తగలగూడదు, అందుకే ఇద్దరికీ ఒకటి. అన్నకే చెప్పలేదు, ధైర్యం పోతుందని. అక్కకు చెబితే ఆమె గుడి గుడికీ తిరిగి మొక్కుకునేసరికి ఊరంతా తెలుస్తుందని భయం. అమ్మ ఆ గడపలోనే కూలబడింది.

విషయం తెలిసి అన్న మామ దగ్గరికి పరుగెత్తుకుంటూ పోయాడు, హోటల్లో అందరి ముందూ చెప్పేస్తానన్నాడు. ఎవరికీ చెప్పనని మామ తన మీద ఒట్టు వేయించుకున్నాడు. అప్పుడే కుశనూర్ నుంచి అన్నకు సంబంధం వచ్చి ఉంది. “పిల్లగాడు గుడ్డోడంట అని ఒకసారి పేరు పడితె పోదుర. నాదేముంది, నా పెండ్లయిపోయింది” అని నవ్వాడట.

స్వామి దయ, అత్త చేతి చలువ, చలికాలం దిగేసరికి అన్న కళ్లు తేటపడ్డాయి. ఆ తరువాతే పెళ్లయింది. ఎన్నో సీజన్లు చీకటి పడేదాకా నిలబడి ఆపాడు. మామ మాత్రం మళ్లీ మైదానం మెట్టు ఎక్కలేదు, ఎవరూ పిలవనూ లేదు. ఆయన విత్తనాల దుకాణం ముందునుంచి టీము పాటలు పాడుకుంటూ పోయేది, లోపల ఆయన జొన్నలు చెరుగుతూ ఉండేవాడు. కాక ఆ అనుమానంతోనే కన్నుమూశాడు, ఆయన తరువాత కొన్నేళ్లకు మామా. అందరితో పాటు ఆ నిందా పోయిందనుకున్నాం. పోలేదు, ఫోనెక్కి కూర్చుంది.

మొన్న అన్నకు ఫోను చేసి అడిగాను, ఇదంతా రాస్తే ఆ ఒట్టు సంగతేమిటని. “ఇగ రాయి చెల్లె. నా కండ్ల సంగతి తెలిస్తె ఈ వయసుల నాకు పోయేదేమున్నది” అన్నాడు.

ఇప్పటి పిల్లలు అదృష్టవంతులు. ఒక టీముకు ఇద్దరు ముగ్గురు గోలీలుంటారట, అదనపువాడనిపించుకోవడం ఎవరికీ చిన్నతనం కాదట, నొప్పి ఉంటే ఉందని అందరి ముందూ చెప్పుకుంటారట. ఇది విని నిజంగా సంతోషించాను. కాని మా కాలంలో అనుమానపడ్డవాడు ఎదురుగా వచ్చి నిలబడి అడిగేవాడు, జవాబు చెప్పకపోయినా ఆ మనిషి ముఖమైనా చూసేవాడు. ఇప్పుడు ముఖాలు లేవు, అడగడమూ లేదు, ఒక బొటనవేలు చాలు.

చదివేవాళ్లను ఒక్కటే కోరుకుంటున్నాను. ఈసారి మీ టీములో ఎవరెక్కడ ఆడాలని వాదులాడుకునేటప్పుడు, కోచ్ చేసిన పని మీకు అర్థం కాక నోటిదాకా ఒక మాట వచ్చినప్పుడు, ఒక్క క్షణం ఆగి మా మామను తలుచుకోండి. ఆయన టీమును ఎవరికీ అమ్మలేదు.