మెరక పక్కన గొయ్యి

గీత నిటారుగా గీయడం రాదని మాస్టారు నన్ను రోజూ బెంచీ ఎక్కించేవారు. నేను బెంచీ దిగి, బడి దాటి, పొక్లెయిన్ ఎక్కాను. ఎలాగో మట్టిని నిటారుగా కోయడం నేర్చుకున్నాక, అలా కోయకూడదని ప్రభుత్వం రూలు చూపించింది. నా చదువెప్పుడూ ఇంతే, ఒక క్లాసు లేటు.

నాగాయలంక అవతల పాయ ఒడ్డున, సముద్రం మీద వేటకి వెళ్ళే ఒకాయన ఇల్లు మొదలుపెట్టాడు. చుట్టం కాదు గానీ నాకు మావయ్యే. మా దివిసీమలో ఇల్లంటే ముందు మెరక. వరద అందనంత ఎత్తుకి మట్టి పోయాలి. ఆ మట్టికి దూరం పోవడమెందుకని పక్కనే గొయ్యి తవ్వేస్తాం.

పొద్దున్నే పాయ మీద ఆవిరి లేస్తుండగా బకెట్ నల్లమట్టిలోకి దిగేది. అడుగు నుంచి తెల్లటి గవ్వలు వచ్చేవి. ఒకప్పుడు ఇక్కడ సముద్రం నిద్రపోయిందనీ, నేను దాని పక్కబట్టలు లాగుతున్నాననీ అనిపించేది. మావయ్య మెరక చివర, పడవ అంచున నిలబడ్డట్టు నిలబడి, "వెనక వసారా ఇక్కడిదాకా వస్తదిరా. మీ అత్త కూర్చుంటే పాయ కనపడాల" అనేవాడు. గొయ్యి అంచు సరిగ్గా అక్కడే.

అది ప్రభుత్వ పథకం ఇల్లు. పునాది చూడ్డానికొచ్చిన ఇంజనీరు మేడమ్ గొయ్యి చూసి పని ఆపించారు.

"మనిషి లోతు తవ్వి గోడలా వదిలేశారేంటండీ? వాలు పెట్టాలి, పోసిన మట్టి అంచుకి దూరంగా ఉండాలి. రూలండీ. ఇలా ఉంటే నేను ఒప్పుకోలేను."

"నల్లమట్టి మేడమ్, జున్నుముక్కలా నిలబడుద్ది" అన్నాను.

"జున్ను మీద ఇల్లు కడతారా?"

మావయ్య నవ్వలేదు. వాలు పెడితే వసారా సగం పోతుంది. "మా ఆవిడికి మాటిచ్చానండీ" అన్నాడు. మేడమ్ మెత్తగానే, "ఒక్క వాన పడనివ్వండి, అప్పుడు మీరే చెబుదురు గాని" అని వెళ్ళిపోయారు.

వేసవి వాన ఒకటి పడింది. తెల్లారి వెళ్ళేసరికి మావయ్య మెరక మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. వసారా అనుకున్న చోట, గొయ్యి అంచు వెంబడే, సన్నటి నెర్రె. అందులో వేలు పెట్టాడు. మొత్తం దిగిపోయింది.

"వాలు పెట్టెయ్‌రా" అన్నాడు, వేలు తియ్యకుండానే.

ఆ రోజంతా ఆ మట్టిగోడని, నిద్రలో జోగే పిల్లని పక్క మీద వాల్చినట్టు, నెమ్మదిగా పాయ వైపు వాల్చాను. ఎండకి గవ్వలు మెరుస్తుంటే, ఎవరో నా వెనక తీరిగ్గా ఊపిరి పీలుస్తున్నట్టనిపించింది.

ఇల్లు లేచింది. వాలంతా గరిక పట్టింది. వసారాలో ఒక్క మంచమే పడుతుంది. మొన్న టీకి ఆగి, అత్తయ్యని ఏడిపిద్దామని, "అరముక్క వసారాలో మావయ్య ఎక్కడ పడుకుంటున్నాడు అత్తయ్యా?" అన్నాను.

"గరికలో. నువ్వు కోసిన గోడ మీద కట్టుంటే ఇద్దరం నీళ్ళల్లో పడుకునేవాళ్ళం. నీకీ టీ ఎవరు పోసేవాళ్ళు?"