మెకానిక్ అరచెయ్యి

జెరాక్స్ మెషిన్ మెకానిక్ పరీక్షకు కాగితం వాడడు. చొక్కా చేతులు పైకి మడిచి, అరచేతిని అద్దానికి ఆనించి స్కాన్ నొక్కుతాడు. ఆ బొమ్మ కింది అంతస్తు వాళ్ల ఉమ్మడి ఫోల్డర్‌లోకి రావాలి. వారం రోజులుగా రావడం లేదు. మెషిన్ మాత్రం ప్రతిసారీ ‘పంపబడింది’ అని చూపిస్తుంది. అబద్ధాలకోరు అని అతను దాని మూతమీద ఒక్కటిస్తాడు. పాస్‌వర్డ్ మార్చాడు, వైరు మార్చాడు, ఫోల్డర్ చిరునామా తుడిచి మళ్లీ కొట్టాడు.

“ఇవాళ కూడా రాకపోతే రేపు ఇంకో మెకానిక్‌ని పిలుస్తాం,” అని మేనేజరు తేల్చేశాడు.

అతను ఉసూరుమంటూ మళ్లీ చెయ్యి పెట్టాడు. అంతలో పై అంతస్తు స్టోర్స్ విభాగం పెద్దావిడ దిగివచ్చి, ఆ చేతిని పట్టుకుని తిప్పి చూసింది.

“నువ్వేనా బాబూ? వారం నుంచి మా ఫోల్డర్ నిండా ఈ చెయ్యే. గీతలన్నీ చూశాను. ఆయుష్షుకి ఢోకా లేదు. ఉద్యోగమే కాస్త ఊగిసలాడుతోంది.”