గేటుకు తగిలించిన హెల్మెట్

ఈ మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగింది. ఒక్కసారిగా కమ్ముకున్న నిశ్శబ్దంలో పొయ్యి మీద పప్పు ఉడికే చప్పుడు కూడా పెద్దగా వినిపించింది. నా చెయ్యి దానంతటదే వెళ్లి మంట తగ్గించింది. ఇంట్లో నేనొక్కదాన్నే, నిద్రపోతున్నవాళ్లెవరూ లేరు. భిలాయిలో, ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ల మరోదా క్వార్టర్లలో అమ్మ నేర్పిన అలవాటది. దాంతోపాటే నాయుడు మావయ్య గుర్తొచ్చారు.

లోకానికి ఆయన స్వామీజీ. ఆయన స్థాపించిన ఆశ్రమాల్లో ఈనాటికీ మధ్యాహ్నం కాసేపు అందరూ మౌనం పాటిస్తారు. వాళ్లు అచ్చువేసిన జీవితచరిత్రలో తొంభైల నాటి సంవత్సరాలన్నీ ఒక్క వాక్యంలో తేలిపోయాయి, హిమాలయాల్లో తపస్సు చేశారట. మొదట నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఆ రోజుల్లో ఆయన ఉన్నది మా పక్క క్వార్టర్లో. విజయనగరం వైపు మనిషి, రోలింగ్ మిల్లులో ఉద్యోగం. భార్య పోయింది, పిల్లల్లేరు. అమ్మను అక్కగా భావించి, వాళ్ల వైపు మాటలో అప్పా అని పిలిచేవారు. అందరూ తప్పించుకునే నైట్ షిఫ్టు ఆయన అడిగి మరీ వేయించుకునేవారు.

మా లైన్లో ఒక కట్టుబాటు ఉండేది. గేటుకు ఫ్యాక్టరీ హెల్మెట్ తగిలించి ఉంటే ఆ ఇంట్లో రాత్రి డ్యూటీ మనిషి పడుకున్నాడని గుర్తు. ఇక చుట్టుపక్కల కుక్కరు కూత ఉండదు, రోటి చప్పుడు ఉండదు. కూరలమ్మే ఛత్తీస్‌గఢీ ఆమె కూడా కేక వెయ్యకుండా దాటిపోయేది. మమ్మల్నైతే అమ్మ కళ్లతోనే అదిలించేది.

ఒకరోజు మావయ్య గేటుకు హెల్మెట్ ఉన్న వేళలోనే నా బంతి ఆయన పెరట్లో పడింది. చప్పుడు కాకుండా గోడ దిగాను. మావయ్య వంటింటి గుమ్మంలో కూర్చుని ఉన్నారు. మంచం మీద దుప్పటి మడత విప్పనేలేదు. పడుకోలేదేమని అడిగాను.

"పగలు నిద్దర పట్టి చాన్నాళ్లైపోనాది అమ్మీ. మీరంతా నాకోసం గొంతులు తగ్గించుకుంటారు కదా, అది వింటూ కూకుంటాను. మీ అమ్మకి చెప్పకేం."

చెప్పలేదు. చెబితే అందరూ మామూలుగా అరుచుకుంటారని, ఆయనకున్న ఆ కాస్త తోడూ పోతుందని భయపడ్డాను. ఆ తర్వాత ఒక వేసవిలో ఆయన ఉద్యోగం వదిలేసి, భిలాయి పవర్ హౌస్ స్టేషన్లో రైలెక్కి వెళ్లిపోయారు. హెల్మెట్ లేని ఆ గేటు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

చాలా ఏళ్లకు, అమ్మ మంచాన పడ్డాక, మావయ్య పగలు పడుకునేవారు కాదన్న సంగతి ఆమెతో అన్నాను. అమ్మ ఆశ్చర్యపోలేదు.

"ఆ తమ్ముడు పడుకోడని నాకు తెల్దేటే? గోడవతల మసలడం వినబడీది. నాకు తెలుసునని తెలిస్తే సిగ్గుపడి హెల్మెట్ తగిలించడం మానీసీవోడు."

అమ్మ పోయాక ఈ మాట ఎలాగైనా ఆయన చెవిన వెయ్యాలనిపించింది. ఆయన ఆశ్రమానికి వెళ్లాను. గుర్తుపట్టకపోతే ఏం చెప్పుకోవాలా అని వరసలో నిలబడ్డంతసేపూ బెంగే. నా వంతు వచ్చింది. మరోదా అంటూ నా పేరు చెప్పాను. ఆయన నా వైపు వంగి, శిష్యులకు వినపడనంత మెల్లగా అడిగారు.

"మీ అమ్మకి చెప్పీసావేటి?"

"చాలా ఏళ్లకి చెప్పాను మావయ్యా. కానీ అమ్మకి మొదట్నుంచీ తెలుసు."

ఆయన కళ్లు నిండాయి. "అయితే అప్ప కూడా నాతో మేలుకునే ఉందన్నమాట," అన్నారు.

తర్వాత కొన్నాళ్లకు ఆయనా పోయారు. హిమాలయాల మాట సరిదిద్దమని నేనెవరినీ అడగలేదు. కరెంటు వచ్చి ఫ్యాను తిరుగుతోంది. గరిటెను మాత్రం ఇంకా చప్పుడు కాకుండానే పెడుతున్నాను. గోడకు అవతల ఎవరు మేలుకుని వింటున్నారో నాకేం తెలుసు.