బావ బండి మైలేజీ

మా బావ ఫర్నిచరు దుకాణంలో పికప్ బండి నడుపుతాడు. దూరంగా ఎర్ర లైటు కనబడితే చాలు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాడు. బండి దానంతటదే దొర్లుకుంటూ వెళ్లి ఆగాలి. వెనక ఎన్ని హారన్లు మోగినా చెవిన పెట్టడు. "బజారుకెళ్లి రమ్మంటే మా ఆయన వాలు చూసుకుని బయలుదేరతాడు," అని అక్క నవ్వుతుంది.

కంపెనీ కాగితంలో లీటరుకి పదిహేడని రాసుంది. మంచాలు, బీరువాలు మోస్తూ ఊళ్లో తిరిగే బండికి అంత ఎక్కడొస్తుంది? బావ చేతిలో పదమూడు వచ్చేది. అదే ఆయన పరువు. అది ఉన్నట్టుండి పదకొండున్నరకి దిగింది. ఫిల్టరు మార్పించాడు, చక్రాల్లో గాలి చూపించాడు. లాభం లేదు.

దుకాణంలో గుసగుసలు మొదలయ్యాయి. గుమాస్తా మొహం మీదే అడిగాడు: "డీజిలు ఆవిరైపోతోందా అన్నా, ఎవరైనా తాగుతున్నారా?"

బావ వెళ్లి ట్యాంకు కింద మళ్లీ తడిమి చూసుకున్నాడు. దొంగ అన్న పేరుతో పని పోతే ఇంకెవరూ స్టీరింగు చేతికివ్వరు. యజమానురాలు మర్నాడే తీసేస్తుందనుకున్నాను. డబ్బున్నవాళ్లు అంతకంటే ఏం చేస్తారు?

ఆవిడ పొద్దున్నే వచ్చి బండెక్కి కూర్చుంది. "పద, నేనూ వస్తాను. ఎక్కడ కారుతోందో చూద్దాం."

ఆ దుకాణంలో సామాను దించే పని నాది, నేనూ వెళ్లాను. బీరువా పట్టుకుని వెనక నిలబడ్డాను. వెనక కిటికీకి అద్దం లేదు, మాటలన్నీ వినబడుతున్నాయి.

"ఇంత నెమ్మదా? నడిచెళ్లేవాడు మనల్ని దాటిపోతున్నాడయ్యా."

"తొందరపడితే తాగుతుంది మేడం."

పెద్ద రోడ్డెక్కాం. ఆవిడ పక్కన కిలోమీటరు రాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది. కాసేపటికి మీటరు మీదికి వంగింది.

"పది కిలోమీటర్లు వచ్చాం. ఇది తొమ్మిదే చూపిస్తోందేంటి?"

"మీరే ఒకటి ఎక్కువ లెక్కపెట్టుంటారు మేడం."

"నా కళ్లు బాగానే ఉన్నాయి. మళ్లీ చూద్దాం."

మళ్లీ పదికి తొమ్మిదే. ఆవిడ బండి ఆపించి, దిగి చక్రం ముందు నిలబడింది.

"ఇవి మొన్నీమధ్య చవగ్గా వచ్చాయని నేను వేయించిన టైర్లే కదూ?"

"అవును మేడం. పాతవాటికంటే కాస్త ఎత్తు."

అక్కడే ఉంది తిరకాసు. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది. మీటరు మాత్రం పాత చక్రమే అనుకుని చుట్లు లెక్కేస్తుంది. బండి నడిచిన దూరంలో పదో వంతు లెక్కలోకే రావడం లేదు. డీజిలు ఎటూ పోలేదు.

"మరి నోరు విప్పి చెప్పొచ్చు కదయ్యా."

"నాకూ తట్టలేదు మేడం. బండికే ఏదో జబ్బు చేసిందనుకున్నా."

"సరే, పద. వాళ్లు బీరువా కోసం చూస్తుంటారు."

తప్పయిందని ఆవిడ అనలేదు. దుకాణానికి తిరిగొచ్చాక మాత్రం గుమాస్తాని పిలిచి, అందరూ వింటుండగా, "డీజిలు తాగింది నేనే, రాసుకో," అంది.

నాకు కోపం చల్లారలేదు. ఇంటికొచ్చాక, "దారంతా తిట్టింది కదా బావా," అన్నాను.

బావ నవ్వాడు. "తిట్టింది. కానీ కుర్చీలో కూర్చుని తీసేయలేదు. బండెక్కి, చూసి మరీ తిట్టింది. అలా చూసేవాళ్లు ఎంతమందికి దొరుకుతార్రా?"

 మర్నాడు దుకాణం మెట్ల మీద ఆవిడ ఎదురైతే, మొదటిసారి నేనే ముందు పలకరించాను.