ఆది లేని జాకెట్టు

టైలరు రత్నం పడవవాడితో లేచిపోయిందని రాజమండ్రిలో, గోదావరి గట్టు పక్కనున్న ఆ సందులో చాలాకాలం చెప్పుకున్నారు. పట్టపగలే, కుట్టుమిషనుతో సహా వెళ్ళిందట. పెదబాబు నావ ఎక్కిందట. ఆదివారం వస్తే చాలు కొవ్వూరు రేవుకు ఎందుకు పోతోందో అప్పుడే కనిపెట్టాల్సిందని ఒకావిడ అంటే, పెదబాబుకు మనవలున్నారు కదే అని ఇంకొకావిడ నవ్వింది. మనవలుంటే ఏం, మిషను మొయ్యగల ఒళ్ళు కదా అందట మొదటావిడ.

రత్నం ఆ సందుకు వచ్చింది తొంభై ఒకటి పుష్కరాలయిన మరుసటేడు. సీతారామలక్ష్మి గారింట్లో వీధి వైపు గది అద్దెకుందని తెలిసి, వచ్చి గుమ్మంలో నిలబడింది. సీతారామలక్ష్మి గారు రిటైరైన మాస్టారి భార్య, మెత్తటి మనిషి. మెత్తగానే అడిగారు.

"మీరేవిట్లమ్మా?"

ఆ ప్రశ్న వస్తుందని రత్నానికి తెలుసు. దారంతా జవాబును మనసులో అనుకుంటూనే వచ్చింది. "దేవాంగులమండి. ఉప్పాడ వైపు" అంది. ఆ చుట్టుపక్కల దేవాంగులెవరూ లేరని ముందే వాకబు చేసుకుంది. నేతవాళ్ళ పిల్ల కుట్టుపనిలోకి రావడం ఆవిడకి సబబుగానే తోచినట్టుంది. లోపలికెళ్ళి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి చేతికిచ్చారు. చల్లటి స్టీలు అంచు పెదవులకు తగిలింది. గ్లాసు పట్టుకున్న ఆ చెయ్యి ఎవరిదోనన్నట్టు రత్నం దానివంకే చూసుకుంది.

ఆమె పూర్తి పేరు రత్నమాణిక్యం. కొవ్వూరు అవతల ఒక ఊళ్ళో మాలపేట ఆమెది. తొమ్మిదో తరగతిలో బడి మాని పాస్టరమ్మగారి దగ్గర కుట్టు నేర్చుకుంది. చెయ్యి మంచిదని ఊళ్ళో ఆడవాళ్ళు కూడా జాకెట్లు ఇచ్చేవారు. కొత్తగుడ్డ, దాని మీద కొలతకు పాత జాకెట్టు. ఆ పాతదాన్ని ఆది అనేవారు. రెండూ గోడ మీద పెట్టి వెనక్కి జరిగేవారు. కుట్టి తెస్తే అరుగు చివర పెట్టించుకుని, పసుపునీళ్ళు చిలకరించి తీసుకునేవారు. ఆది చూస్తే ఎప్పటిదో, మనిషి ఈలోగా లావెక్కి ఉండేది. జాకెట్టు బిగుతైతే తప్పు రత్నానిదే. టేపు మెడలో వేలాడుతూనే ఉండేది. పేట దాటి ఒక్క మనిషి భుజానికి కూడా ఆమె దాన్ని ఆనించింది లేదు.

రాజమండ్రిలో మొట్టమొదట కొలిచింది సీతారామలక్ష్మి గారినే. "చేతులు కాస్త ఎత్తండి" అంటే ఆవిడ చిన్నపిల్లలా ఎత్తారు. తలంటు పోసుకున్న జుట్టులోంచి కుంకుడుకాయ వాసన వచ్చింది. మెడ దగ్గర వేళ్ళు తగిలినా ఆవిడ ఉలిక్కిపడలేదు. ఆకాశం విరిగి మీద పడలేదు. ఒళ్ళంటే ఇంతేనా, అందరికీ ఇలా వెచ్చగానే ఉంటుందా అనుకుంది రత్నం. ఆ తర్వాత సందులో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. భుజాలు, మెడలు, పురుడు పోసుకున్న పొట్టలు ఆమె చేతుల కిందుగా సాగిపోయాయి. మధ్యాహ్నాలు గోదావరి గాలికి తెర ఊగేది. మిషను చప్పుడులో నిద్రకీ మెలకువకీ తేడా తెలిసేది కాదు. ఎవరో తనను కలగంటున్నారనీ, వాళ్ళు లేచేలోగా ఈ జాకెట్టు పూర్తిచేసెయ్యాలనీ అనిపించేది.

ఆ కల చెదరకుండా చాలా చేసింది. నాగులచవితికి అందరితోపాటు పుట్టలో పాలు పోసింది. నుదుట స్టిక్కరు బొట్టు పెట్టుకుంది. ఆదివారం తల్లి దగ్గరికి వెళ్ళేటప్పుడు, నావ ఏటి నడుముకు చేరాక బొట్టు తీసి నావ అంచుకు అంటించేది. బొట్టుతో పేటలో అడుగుపెడితే చర్చిలో చెవులు కొరుక్కుంటారు. తిరుగు ప్రయాణంలో, అదే చోట, ఇంకోటి పెట్టుకునేది. పొద్దున్న పూట మంచులో ఏ గట్టూ కనిపించేది కాదు. అక్కడ ఆమె రత్నమూ కాదు, రత్నమాణిక్యమూ కాదు. తెడ్డు నీళ్ళను తాకే చప్పుడొక్కటే ఉండేది. అలా ఉండిపోతే బాగుండునని ప్రతిసారీ అనుకునేది.

పెదబాబు చూసీ చూడనట్టే ఉండేవాడు. ఒకసారి మాత్రం అన్నాడు. "నా నావకి బొట్లెక్కువైపోయాయి పాపా. పెళ్ళికూతురల్లే ఉంది."

తల్లి పేరు బేబి. నాట్లకూ కోతలకూ పోయే మనిషి. వారం వారం కూతుర్ని కూర్చోబెట్టుకుని ఆ గది సంగతులే అడిగేది. కిటికీ ఏ వైపు, అద్దం ఎంతుంటుంది, తెర రంగేంటి. కథ విన్నట్టు వినేది. ఒక్కసారి వచ్చి చూసిపోతానంది. రత్నం వద్దంది. ఎందుకని బేబి అడగలేదు. అడగకపోవడమే రత్నాన్ని ఏటి నడుమ దాకా వెంటాడేది.

క్రిస్మస్‌కు ముందు ఒక మధ్యాహ్నం సీతారామలక్ష్మి గారు రత్నం గదిముందు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. మెట్టు కింద ఎవరో వచ్చి నిలబడ్డారు. ఉతికిన చీర, చేతిలో కాగితం చుట్టిన గుడ్డ. బేబి.

"జాకెట్టు కుట్టించుకోవాలండి" అంది కూతురితో. ఎరిగున్న చూపైనా కూతురి మీద పెట్టలేదు.

సీతారామలక్ష్మి గారు తలెత్తి ఎవరు, ఏ ఊరు అని అడిగి, ఏవిట్లని కూడా అడిగారు. మాలోళ్ళమండి అంది బేబి, దాచుకోవాల్సిందేమీ లేనట్టు. ఆవిడ చిక్కుళ్ళ పళ్ళెం కాస్త ఇటు జరుపుకున్నారు.

"ఆది తెచ్చుకున్నావా?"

"నేదండి."

ఆది లేకపోతే కుదరదని, ఒకటి తెచ్చి మెట్టు మీద పెట్టి వెళ్ళమని ఆవిడ నెమ్మదిగానే చెప్పారు. బేబి అలాగేనని తలూపింది. అలా తలూపుతూనే కిటికీ చూసింది, అద్దం చూసింది, తెర చూసింది. కావలసింది దొరికినట్టే వెనక్కి తిరిగింది.

రత్నం నోరు విప్పకపోతే చాలు. సాయంత్రం మామూలుగానే వస్తుంది. ఎవరో చేతులెత్తి నిలబడతారు. మిషను చక్రం ఇంకా తిరుగుతోంది. రత్నం దాన్ని అరచేత్తో ఆపి, టేపు తీసుకుని మెట్టు దిగింది. తల్లి భుజం మీద టేపు ఆనించింది. ఇన్నేళ్ళూ అమ్మకు గుర్తుమీదే కుట్టి తీసుకెళ్ళింది. ఆ గుర్తులో ఉన్నదానికంటే భుజం బాగా చిక్కిపోయింది.

"ఒద్దే, నే పోతాను" అంది బేబి గొంతులోనే.

"ఈవిడ మా అమ్మండి" అంది రత్నం.

సీతారామలక్ష్మి గారు చేతిలోని చిక్కుడుకాయ పళ్ళెంలో వేశారు. తర్వాత వీధిలోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించారు. "నేనెవరితోనూ అననమ్మా. నీ మానాన నువ్వుండు. ఆవిణ్ణి మాత్రం మళ్ళీ రానివ్వకు."

అది దయేనని రత్నానికి తెలుసు. అంతకంటే ఎక్కువ దయ ఆ వీధిలో దొరకదనీ తెలుసు. అమ్మకు మంచినీళ్ళిమ్మని అడిగింది. ఆవిడ లోపలికెళ్ళి చెంబుతో వచ్చారు. బేబి అప్పటికే వంగి దోసిలి పట్టింది.

రత్నం మిషను మీద గుడ్డ కప్పింది.

సీతారామలక్ష్మి గారు మాట తప్పలేదు. ఎవరితోనూ ఒక్క ముక్క అనలేదు. అందుకే సందుకు ఏదో ఒకటి అనుకోక తప్పలేదు. కొవ్వూరు బజారులో రత్నమాణిక్యం ఇప్పుడు ఆది తీసుకోదు. ఒళ్ళు కొలవనిస్తేనే కుడతానంటుంది. వచ్చేవాళ్ళు వస్తారు, మిగతావాళ్ళు వేరే దగ్గరికి పోతారు.

సందు విడిచిన ఆ రోజు రేవులో సాయం పడతానన్నా పెదబాబును మిషను మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఒక పక్క రత్నమాణిక్యం, ఇంకో పక్క వాళ్ళమ్మ పట్టుకుని మెట్లన్నీ దింపి నావలో పెట్టుకున్నారు.