ఆఖరు చాప దాకా

మా లెక్కల సారు పోయారన్న కబురు నర్సంపేట బస్సులో వచ్చింది. కూతురి దగ్గర నాలుగు రోజులుండి వస్తానని వెళ్ళినవారు, మూడో రోజు మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని మళ్ళీ లేవలేదట. బస్సు నడిపే ఆయన మా అంగడి ముందు ఆపి అత్తమ్మకు చెప్పాడు. అత్తమ్మకు చెవులు మందం. మూడుసార్లు చెప్పవలసి వచ్చింది. మూడోసారికి బజారంతటికీ తెలిసింది.

సారు ఇల్లు మా ఇంటికి ఎదురుగానే. ఆ తలుపు పక్కన మేకుకు ఒక పలక వేలాడుతూ ఉంటుంది. వెళ్ళే ముందు దానిమీద నాకొక లెక్క రాసి వెళ్ళారు. “సారు నాలుగు రోజులు ఊళ్ళో ఉండడు. రోజుకు రెండు రొట్టెల లెక్కన ఎదురింటి వదినెకు ఎన్ని రొట్టెల పని తప్పును?” వదినె అంటే మా అత్తమ్మ. నేను ఎనిమిది అని రాసి పెట్టాను. ఆయన వచ్చి పక్కన సరి గుర్తు పెట్టాలి. ఇప్పుడు ఆ ఎనిమిది తప్పయిపోయింది. తుడవడానికి మాత్రం నాకు చేయి రావడం లేదు.

నేను చదివింది నాలుగో తరగతి. ఇటువంటి రాతలు అలవాటు లేదు. మా ఇంట్లో వారు, అంటే నా భర్త, నువ్వే రాయాలని పట్టుబట్టినందుకు రాస్తున్నాను. వారి పేరు ఇందులో ఎక్కడా కనిపించదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. సారు చదువు గురించి, ఆయన తయారుచేసిన విద్యార్థుల గురించి బడివాళ్ళు చెప్తారు. నాకు తెలిసింది ఒక పలక, ఒక పత్తి మిల్లు, అంతే.

పాలకుర్తి దగ్గరి పల్లె నుంచి వరంగల్లుకు కాపురానికి వచ్చిన కొత్తలో నాకు ఈ బజారు చూస్తేనే భయం. కొంగు నెత్తిమీది నుంచి జారనిచ్చేదాన్ని కాదు. అత్తమ్మకు తప్ప ఎవరికీ జవాబు చెప్పేదాన్ని కాదు. అత్తమ్మకు జవాబు చెప్పాలంటే అరవాలి. అందుకని ఆమెకూ తక్కువే చెప్పేదాన్ని.

పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే ఎదుటి పలక కనిపించేది. సారు రోజుకొక లెక్క రాసి తగిలించేవారు. బడికి పోయే పిల్లలు దారిలో చూసి నోటితో జవాబు చెప్పి పోవాలి. లెక్కలన్నీ మా గల్లీవే. ఎవరింటి బర్రె ఎన్ని శేర్ల పాలిచ్చిందో, ఎవరి గోడకు ఎన్ని పిడకలు పట్టాయో. ఒకరోజు తెల్లవారకముందు ఎవరూ లేరని చూసి, ముగ్గురాయి ముక్కతో జవాబు రాసి ఇంట్లోకి పరుగెత్తాను. మరునాడు పలకమీద సరి గుర్తు ఉంది. దాని కింద “ఎవరు?” అని ఉంది. నేను చెప్పలేదు. కాని బలపంతో రాసిన అక్షరం వేరు, ముగ్గురాయితో రాసింది వేరు. ఆ గల్లీలో అంత పొద్దున్నే చేతిలో ముగ్గురాయి ఉండేది ఎవరికో ఆయనకు తెలియదా! ఆ వారం నుంచి లెక్కలు కొంచెం కష్టమైనాయి. ఆయన నాతో మాట్లాడలేదు, నేను ఆయనతో మాట్లాడలేదు. రెండేళ్ళు అట్లాగే చదువుకున్నాను.

భార్య పోయిన మనిషి కాబట్టి అత్తమ్మ రోజూ జొన్నరొట్టె, కూర పంపేది. ఆయన గిన్నె ఖాళీగా తిప్పి పంపేవారు కారు. ఏమీ లేకపోతే రెండు కరివేపాకు రెబ్బలైనా వేసి ఇచ్చేవారు. సుద్దముక్క చెవిమీద పెట్టుకుని మరిచిపోయి బజారుకు పోయేవారు. గొడుగుతో దారులు కొలిచేవారు. ఇంటి నుంచి బడికి ఎన్ని గొడుగులో, మా అంగడికి ఎన్ని గొడుగులో ఆయనకు నోటికి తెలుసు.

మా ఇంట్లో వారు మెట్రిక్ పాసైన ఏడు జరిగింది ఇప్పుడు చెప్తాను. పాసైన విద్యార్థులకు ఏటా సభ పెట్టి, ఒక్కొక్కరి పేరు పిలిచి సనదు, అంటే పాసైన పత్రం, చేతికిస్తారు. బడి ఆవరణ చాలదు. అంతకుముందు ఏడు హనుమకొండలో ఒక దొరగారి బంగళాలో పెట్టారు. తివాచీలు, కుర్చీలు, అన్నీ బాగున్నాయట. ఆడవాళ్ళను వెనుక వసారాలో, గోడకు ఇవతల కూర్చోబెట్టారు. తొర్రూరు అవతలి నుంచి ఒక తల్లి రాత్రంతా బండిలో వచ్చి అక్కడ కూర్చుంది. సభ అయిపోయి అందరూ లేచి వస్తుంటే ఆమె సారుకు అడ్డం వచ్చి అడిగిందట.

“మా పిలగాని పేరు ఎప్పుడు పిలుస్తరు సారూ?”

పిలిచి గంట అయింది. ఆ మాట సారు మా అత్తమ్మకు ఎన్నిసార్లు చెప్పారో. చెప్పిన ప్రతిసారీ చెవిమీది సుద్దముక్క తీసి చేతిలో తిప్పుతూ కూర్చునేవారు. “సభ అంటే కుర్చీలు గాదు వదినె. ఆఖరు చాపల కూసున్నామెకు ఇనబడాలె” అనేవారు.

ఆ ఏడు మా అత్తమ్మ వంతు. చిన్నప్పుడే తండ్రి పోయిన కొడుకును పసుపు, మిరపకాయలు అమ్మి చదివించింది. తన కొడుకు పేరు సభలో పిలుస్తుంటే వినాలని ఆమెకు ఒకటే కోరిక. మందం చెవులతో, గోడ ఇవతల కూర్చుంటే ఏం వినిపిస్తుంది?

బడి పెద్దలు మళ్ళీ బంగళానే అన్నారు. పెద్ద ఆఫీసరు వస్తున్నారు, ఆయనకు మంచి కుర్చీ కావాలి. సారు ఒక్కరే ఊరంతా తిరిగి స్టేషను అవతల ఒక పత్తి మిల్లు చూసి వచ్చారు. ఎండాకాలం, మిల్లు ఆగి ఉంది. పెద్ద రేకుల కొట్టం. మామూలుగా రేకుల కింద మాట గలగలమని చెదిరిపోతుందట. ఇక్కడ గోడల వెంట పత్తి బేళ్ళు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. “పత్తి గోలను మింగుతది, మాటను ఇడిసి పెడ్తది” అని ఆయన నమ్మకం. ప్రధానోపాధ్యాయులు నమ్మలేదు. వచ్చి పరీక్ష చేస్తాను, ఆఖరున కూర్చున్న ఆడమనిషికి వినపడితే మిల్లు, లేకపోతే బంగళా, ఇంక దానిమీద మాట లేదు అన్నారు.

సారు మా ఇంటికి వచ్చి అత్తమ్మను అడిగారు. “వదినె, నీ కోడలి చెవులు నాకు ఒక్క పూట కావాలె.”

నేను తలుపు వెనుక ఉన్నాను. నెత్తిమీద ఉన్న కొంగునే మళ్ళీ ముందుకు లాక్కున్నాను.

మరునాడు పొద్దున అత్తమ్మ, నేను మిల్లుకు పోయాము. ఆ చివరన బేళ్ళమీద సారు, ప్రధానోపాధ్యాయులు నిలబడ్డారు. ఈ చివరన దుప్పటి అడ్డం కట్టి, ఈతచాప వేసి మమ్మల్ని కూర్చోబెట్టారు. వాళ్ళు జాబితాలో నుంచి ఒక పేరు పిలుస్తారు. నేను విన్న పేరు తిరిగి గట్టిగా చెప్పాలి. అంతే.

ప్రధానోపాధ్యాయులు పిలిచారు. పక్కన కూర్చుని పిలిచినంత స్పష్టంగా వినపడింది. పిలిచింది మా ఇంట్లో వారి పేరు.

ఆ పేరు నేను ఎట్లా పలుకుతాను? మా వైపు ఏ ఇల్లాలూ పలకదు. నా నోరు తెరుచుకోలేదు. ఆయన మళ్ళీ పిలిచారు, ఇంకా గట్టిగా. నేను చాపలో నుంచి ఈనె పీకుతూ కూర్చున్నాను. అత్తమ్మకు అసలే వినపడలేదు కాబట్టి, నాకూ వినపడలేదనే అనుకుంది. “ఏం ఇనబడ్తలేదు సారూ” అని ఆమే అరిచి చెప్పింది.

ప్రధానోపాధ్యాయులు జాబితా మడిచి జేబులో పెట్టుకున్నారు. సారు రేకుల వైపు, బేళ్ళ వైపు మార్చి మార్చి చూశారు. తన లెక్క ఎక్కడ తప్పిందో ఆయనకు తెలియలేదు. మా ఇంట్లో వారి పేరు ఆయనకు తెలియనిది కాదు, మా ఆచారమూ తెలియనిది కాదు. ఆ గడియలో ఆయన ధ్యాస అంతా రేకుల మీదే ఉంది.

దారిలో గొడుగు చంకలో పెట్టుకుని, కొలవకుండా నడిచారు. నేను అది చూశాను.

ఇంటికి వచ్చాక అత్తమ్మకు చెప్పాలనుకున్నాను. కాని ఆమెకు చెప్పడమంటే బజారుకు చెప్పడమే. ఒకసారి చెవి దగ్గరకు పోయి మెల్లగా “వినపడింది అత్తమ్మా” అన్నాను. “ఏంది, ఉప్పు పడ్డదా?” అన్నది. ఊరుకున్నాను. నేను నోరు తెరవనందుకు ఇంకో ఏడు తల్లులందరూ గోడ ఇవతల కూర్చోవాలి. అందులో నా అత్తమ్మ ఒకతె.

మరునాడు తెల్లవారకముందు ముగ్గురాయి తీసుకుని ఎదురింటికి పోయాను. ఆ రోజు పలకమీద లెక్క లేదు. మొదటిసారి ఖాళీగా ఉంది. “నాకు వినపడింది. అది మా ఇంట్లో వారి పేరు” అని రాశాను.

వాకిట్లో చుక్కలు పెడుతుండగా ఆ తలుపు తెరుచుకుంది. పలక మేకు నుంచి తీసిన చప్పుడైంది. తరువాత సారు నవ్వడం మొదలుపెట్టారు. నేను ఆయన నవ్వగా వినడం అదే మొదలు. గోడ పట్టుకుని నవ్వారు. చెప్పులు వేసుకోకుండానే ప్రధానోపాధ్యాయుల ఇంటివైపు పోయారు.

ప్రధానోపాధ్యాయులు ఆ పూటే ఇంకొక్కసారి రావడానికి ఒప్పుకున్నారు. నిన్న పిలిచింది ఎవరి పేరో సారు అత్తమ్మకు అరిచి చెప్పారు. మళ్ళీ మిల్లు, మళ్ళీ చాప. ఈసారి వేరే విద్యార్థి పేరు పిలిచారు. నేను మళ్ళీ మాట్లాడలేదు.

సారు ఆ చివర నుంచి అడిగారు. “ఏమాయె బిడ్డా? గిది గూడ పలుకరాని పేరేనా?”

నేను తల ఊపాను. దుప్పటి అడ్డం ఉంది కాబట్టి వాళ్ళకు కనిపించలేదు. అత్తమ్మ నన్ను పొడిచి ఎవరి పేరు పిలిచారని అడిగింది. ఏం చెప్పను? గోడమీది పటంలో మామగారికి పెద్ద మీసాలు ఉంటాయి. కొంగు చాటున మీసం మెలిపెట్టి చూపించాను. అత్తమ్మ ఒక నిమిషం నా ముఖం చూసింది. తరువాత దుప్పటి పక్కకు లాగి లేచి నిలబడ్డది.

“పిలువనీకి మా ఇంటోళ్ళ పేర్లు తప్ప మీకు దొర్కలేదా సారూ? నిన్న నా కొడుకుది, ఇయ్యాల మా ఆయనది!”

ప్రధానోపాధ్యాయులు నవ్వాపుకోలేక బేలుమీద కూర్చున్నారు. జాబితా సారు చేతికే ఇచ్చి, మీ గల్లీ సంగతి మీరే చూసుకోండి అన్నారు. సారు వెతికి వెతికి ఒక పేరు పిలిచారు. “యాదగిరి” అని నేను తిరిగి చెప్పాను. ఆ మాట కొట్టం ఆ చివరి దాకా పోయింది. పరాయి మగవాళ్ళ ముందు నేను గొంతు విప్పడం అదే మొదలు. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. తరువాత మెల్లగా పిలిచారు, అటు తిరిగి పిలిచారు. అన్నీ చెప్పాను. పది పేర్లు అయ్యాక ఇంక చాలునని ప్రధానోపాధ్యాయులే చెయ్యి ఎత్తారు.

సభ ఆ మిల్లులోనే జరిగింది. పెద్ద ఆఫీసరు నల్లకోటు నిండా పత్తినూగు అంటుకుంది. ఆయన సభ అంతసేపూ దాన్ని ఏరుకుంటూనే ఉన్నారు. సారు ఒక పద్ధతి పెట్టారు. పేరు పిలిచాక, విద్యార్థి వేదిక ఎక్కినా సనదు ఇవ్వకూడదు. ఆడవాళ్ళ దుప్పటిపైన ఒక చేయి లేవాలి. ఆ ఇంటి మనిషి విన్నానని చెప్పే గుర్తు. చేయి లేస్తేనే సనదు.

మొదట పిలిచిన పేరు ఆ ఏటి జాబితాలో లేదు. నేను తలతిప్పి చూశాను. ఆఖరు చాపలో ఒక పెద్దామె, పల్లె మనిషి, ఒడిలో మూట పెట్టుకుని కూర్చుంది. పేరు వినగానే ఆమె ఒక చేయి కాదు, రెండు చేతులూ ఎత్తింది. తొర్రూరు అవతలి నుంచి ఆమెను, నిరుడు పాసైన ఆమె కొడుకును సారు ఉత్తరం రాసి పిలిపించారని తరువాత తెలిసింది. ఆ కొడుకు తన సనదు ఇంటి నుంచి తెచ్చి ఇచ్చి, వేదికమీద మళ్ళీ తీసుకున్నాడు.

మా వారి పేరు పిలిచినప్పుడు అత్తమ్మ నా ముఖమే చూస్తున్నది. ఆ పేరు నేను పలకను కదా. ఆమె మణికట్టు పట్టుకుని చేయి పైకి ఎత్తాను. “పిలిచిండ్రా?” అన్నది. అవునని తల ఊపాను. “నాకు గూడ ఇనబడ్డదే” అన్నది. నిజంగా వినపడిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. సనదు ఇచ్చాక కూడా ఆ చేయి దించలేదు. తరువాతి పేరుకు రెండు చేతులు కనపడి కొంత గందరగోళమైంది.

ఆ తరువాత ఏటా సభ అక్కడే. పలకమీద లెక్కలూ ఏటా సాగాయి. సారు ఎదురుపడితే మాత్రం నేను కొంగు సర్దుకుని తప్పుకునేదాన్నే. “పలక మీద పులి, గల్లీల పిల్లి” అని అత్తమ్మతో అనేవారు.

మొన్న ఆదివారం సారు కోసం సభ పెట్టారు. ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. నర్సంపేట నుంచి ఆయన కూతురు వచ్చింది. ముందు కూర్చోమంటే ఒప్పుకోలేదు. తండ్రి ఎప్పుడూ చెప్పే ఆఖరు చాప ఏదో చూపమని నా పక్కన వచ్చి కూర్చుంది. ఆమె దగ్గర కూడా సుద్దవాసన ఉన్నట్టు నాకు అనిపించింది.

ప్రధానోపాధ్యాయులు లేచి, ఏ బిరుదూ లేకుండా, సనదులకు పిలిచినట్టే సారు పేరు పిలిచారు. పిలిచి ఊరుకున్నారు. ఇటువైపే చూస్తూ నిలబడ్డారు. కూతురికి మా పద్ధతి తెలియదు. ఏం జరుగుతున్నదో తెలియక నా వైపు తిరిగింది.

నేను ఆమె మణికట్టు పట్టుకుని చేయి దుప్పటి పైకి ఎత్తాను. అత్తమ్మ నన్ను అడగకుండానే తన చేయీ ఎత్తింది. రేకుల సందులో నుంచి పడుతున్న ఎండలో పత్తినూగు తిరుగుతూ, తిరుగుతూ వచ్చి ఆ కూతురి వేళ్ళమీద వాలింది.